మాయకూ షరతులుంటాయి
కథలో వింతలను పిల్లలకు ఎంతవరకు వివరించాలి?

బేతాళ కథ చెబుతుంటే ఏ తరగతిలోనైనా ఈ ప్రశ్న వస్తుంది. ‘‘రాజు నోరు మూసుకుని నడిచి వెళ్లిపోవచ్చు కదా టీచర్?’’ జవాబు తెలిసి కూడా చెప్పకపోతే తల పగిలిపోతుందని చెబుతాం. వెంటనే రెండో ప్రశ్న వస్తుంది: ‘‘ఎందుకు పగులుతుంది?’’

ఇక్కడ చాలామంది పెద్దలు తడబడతారు. ‘‘ముందు కథ విను, ప్రశ్నలు తర్వాత’’ అని కొందరు కసురుతారు. ఇంకొందరు బేతాళుడి శక్తుల గురించి అప్పటికప్పుడు ఏదో కల్పించి చెబుతారు. మొదటి పద్ధతిలో పిల్ల నోరు మూతపడుతుంది. రెండో పద్ధతిలో కథ పక్కదారి పడుతుంది. కథలోని వింతకు ఎంత వివరణ ఇవ్వాలన్నది రచయితలు ఎప్పటినుంచో చర్చించుకుంటున్న విషయమే. ఇంటి బయట ఒక భాష, బడిలో ఒక భాష, ఇంట్లో తెలుగు మాట్లాడే మన పిల్లల విషయంలో దానికి ఇంకో కోణం కూడా ఉంది. కథ దగ్గర అడిగిన ప్రశ్నకు తెలుగులో జవాబు దొరక్కపోతే, ఆ పిల్ల తర్వాతి ప్రశ్నను తెలుగులో అడగకపోవచ్చు.

రెండు రకాల ప్రశ్నలు

పిల్లలు మాయ గురించి అడిగే ప్రశ్నలన్నీ ఒకలాంటివి కావు. ‘ఇది ఏం చేస్తుంది, ఏం చేయలేదు?’ అన్నది ఒక రకం. ‘ఇది ఎలా పనిచేస్తుంది?’ అన్నది మరో రకం. మొదటిది షరతు గురించి, రెండోది యంత్రాంగం గురించి. మంచి కథలు మొదటిదానికి కచ్చితంగా జవాబు చెబుతాయి. రెండోదాన్ని చాలాసార్లు ముట్టుకోవు.

బేతాళ కథలే చూడండి. 11వ శతాబ్దంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో ఈ కథలున్నాయి. శవంలో బేతాళుడు ఎలా చేరాడు, తల ఏ శక్తి వల్ల పగులుతుంది అనే వివరం లేకపోయినా కథ ఆగదు. షరతు మాత్రం గట్టిది. జవాబు తెలిసి దాస్తే తల పగులుతుంది. నోరు తెరిస్తే మౌనం భంగమై శవం మళ్లీ చెట్టెక్కుతుంది. రాజు రెండింటి మధ్య ఇరుక్కున్నాడు. వినేవాళ్లకు ఆ ఇరుకు తెలిస్తే చాలు.

ఆ షరతులోనే బయటపడే దారి కూడా ఉంది. చివరి ప్రశ్న ఒక వింత బంధుత్వం గురించి. తండ్రి కూతురిని, కొడుకు ఆ కూతురి తల్లిని పెళ్లాడితే, వాళ్లకు పుట్టిన పిల్లలు ఒకరికొకరు ఏమవుతారు? రాజుకు జవాబు నిజంగానే తెలియదు. తెలియదు కాబట్టి మౌనంగా ఉన్నాడు, తల పగల్లేదు. ‘తెలిసి చెప్పకపోతే’ అన్నదాంట్లో ‘తెలిసి’ అనే మాట ఎంత ముఖ్యమో అప్పుడు అర్థమవుతుంది. మొదట్లో టీచర్ ఆ ఒక్క మాటను సరిగ్గా చెప్పి ఉంటే, ఈ ముగింపును పిల్లలే పట్టేస్తారు.

ముందే చెప్పిన షరతు

అమెరికా రచయిత బ్రాండన్ శాండర్సన్ 2007లో ఈ విషయం మీద ఒక వ్యాసం రాశారు. ఆయన వాదన సారాంశం ఇది: ఒక చిక్కును మాయతో విడదీస్తే చదివేవాళ్లకు తృప్తి కలగాలంటే, ఆ మాయ సంగతి వాళ్లకు ముందే ఎంత బాగా తెలిసి ఉంటే అంత మంచిది. కథానాయకుడు గండం నుంచి బయటపడేది మాయ వల్లనే అయితే ఆ మాయ షరతులు ముందు చెప్పాలి. ఆశ్చర్యం కోసమో, భయం కోసమో వాడే మాయ అయితే చెప్పకపోయినా నష్టం లేదు.

ఈ సూత్రం మనకు కొత్తదేం కాదు. హిరణ్యకశిపుడి కథ దీని మీదే నడుస్తుంది. మనిషి వల్ల గానీ మృగం వల్ల గానీ, పగలు గానీ రాత్రి గానీ, లోపల గానీ బయట గానీ, నేల మీద గానీ ఆకాశంలో గానీ, ఆయుధంతో గానీ చావు ఉండకూడదు. వరం అడిగినవాడు ఒక దస్తావేజు రాసుకున్నంత జాగ్రత్తగా అడిగాడు. నరసింహుడు ఆ దస్తావేజులో ఒక్క అక్షరం కూడా కొట్టేయలేదు. సంధ్యవేళ, గడప మీద, ఒడిలో, గోళ్లతో పని పూర్తయింది. వరం సంగతి చెప్పకుండా నేరుగా స్తంభం దగ్గరికి వెళ్లిపోతే అది ఒక పోట్లాట మాత్రమే అవుతుంది. ముందు వరం చెప్పి, ‘ఇక వీణ్ని ఎవరు చంపగలరు? ఎలా?’ అని తరగతిని ఒక్క నిమిషం ఆలోచించనిస్తే అదే కథ పొడుపుకథ అవుతుంది.

భస్మాసురుడిదీ అదే దారి. తల మీద చెయ్యి పెడితే బూడిద కావాలి. ఎవరి తల అన్నది వరంలో లేదు. ఆ ఖాళీ లోంచే అతని చావు వచ్చింది. గ్రీకుల మైదాస్ రాజు కూడా ఇలాగే దొరికిపోయాడు. ముట్టుకున్నదంతా బంగారం కావాలన్నాడు. అన్నం కూడా ‘ముట్టుకున్నది’ అవుతుందని ఆలోచించలేదు.

షరతు ఒక్కోసారి కథకు బరువును కూడా ఇస్తుంది. కర్ణుడికి ఇంద్రుడిచ్చిన శక్తి ఆయుధం ఒక్కసారే పనిచేస్తుంది. దాన్ని అర్జునుడి కోసం దాచుకున్నాడు. రాత్రి యుద్ధంలో ఘటోత్కచుడు కౌరవసేనను చీల్చి చెండాడుతుంటే దాన్ని అతని మీదే వదలాల్సి వచ్చింది. ‘ఒక్కసారే’ అన్న మాట ముందు తెలియని పిల్లవాడికి అది ఇంకో బాణం. తెలిసిన పిల్లవాడికి కర్ణుడి చావు ఆ రాత్రే ఖాయమైపోయినట్టు కనిపిస్తుంది.

చెప్పకుండా వదిలేసినవి

అలాగని అన్నీ విప్పి చెప్పాల్సిన పనిలేదు. 1957లో వచ్చిన మాయాబజార్‌లో ప్రియదర్శిని అనే పెట్టె ఉంది. తెరిచి చూసినవాళ్లకు తమకు అత్యంత ప్రియమైనది కనిపిస్తుంది. అది ఎలా చూపిస్తుందో సినిమాలో ఎవరూ చెప్పరు, మనమూ అడగం. బలరాముడు చూస్తే దుర్యోధనుడు కనిపిస్తాడు. కృష్ణుడు చూస్తే శకుని కనిపిస్తాడు! ఒక్క క్షణం అందరూ విస్తుపోతారు. కృష్ణుడు ఆడబోయే ఆటంతా శకుని చుట్టూనే ఉందన్న సంగతి ఆ తర్వాత మెల్లగా తడుతుంది. పెట్టె పనితనం గురించి ఐదు నిమిషాలు ఉపన్యాసం పెట్టి ఉంటే ఈ మెరుపు ఆరిపోయేది. అదే సినిమాలో సత్యపీఠం ఉంది. దాని మీద నిలబడితే నిజమే చెప్పాలి. చివర్లో శకుని దాని మీద నిలబడి తన గుట్టు తానే బయటపెడతాడు. యంత్రాంగం సున్నా, షరతు ఒక్క వాక్యం.

బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉంటుంది. రష్యా జానపద కథల్లో కోష్చెయ్ ప్రాణం సూది మొనలో ఉంటుంది. ఆ సూది గుడ్డులో, ఆ గుడ్డు బాతులో దాగి ఉంటాయి. ప్రాణాన్ని ఒంట్లోంచి తీసి ఎలా దాచారో ఈ రెండు కథలూ చెప్పవు. ఎక్కడ ఉందో, అక్కడికి చేరడం ఎంత కష్టమో చెబుతాయి. వేల మైళ్ల దూరంలో ఉన్న రెండు సంప్రదాయాలు ఒకే పద్ధతిని పట్టుకోవడం గమనించదగ్గ విషయం.

‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రాసిన టోల్కీన్ 1939లో స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో అద్భుత కథల మీద ప్రసంగించారు. ‘పచ్చని సూర్యుడు’ అని ఎవరైనా అనగలరు, ఆ పచ్చని సూర్యుడు సహజంగా అనిపించే లోకాన్ని నిర్మించడమే అసలు పని అన్నది ఆయన ఆలోచన. ఆ లోకానికి తనలో తనకు పొందిక ఉండాలి. ఆయన గాండాల్ఫ్ అనే మాంత్రికుడు ఏమేం చేయగలడో మనకు పూర్తిగా ఎప్పటికీ తెలియదు. అయితే కథలోని అసలు చిక్కు గాండాల్ఫ్ మంత్రంతో విడిపోదు. ఇద్దరు చిన్న మనుషులు కాలినడకన మోసుకెళ్లిన ఉంగరం కథ అది. అందుకే ఆ మాంత్రికుడి చుట్టూ ఉన్న మసక మనకు అడ్డు రాదు.

ఎక్కువ చెబితే వచ్చే తంటా

1977లో మొదలైన స్టార్ వార్స్ సినిమాల్లో ‘ఫోర్స్’ అనే శక్తి ఉంటుంది. ప్రాణులన్నిటినీ ముడివేసే శక్తి అని మాత్రమే మొదట్లో చెప్పారు. 1999లో వచ్చిన సినిమాలో, శరీర కణాల్లో ఉండే సూక్ష్మజీవుల వల్ల ఆ శక్తి తెలుస్తుందని, రక్త పరీక్షతో వాటిని లెక్కించవచ్చని వివరించారు. చాలామంది అభిమానులు నొచ్చుకున్నారు. సాధనతో ఎవరికైనా అందుతుందనుకున్నది రక్త పరీక్ష కాగితంలో అంకె అయిపోయింది. ఆ వివరణ వల్ల కథలో ఏ చిక్కూ తీరలేదు, ఉన్న గౌరవం కొంత పోయింది.

తక్కువ ఆలోచించి వింతను తెచ్చినా చిక్కే. హ్యారీ పాటర్ మూడో పుస్తకంలో కాలాన్ని వెనక్కి తిప్పే పరికరం వస్తుంది. హెర్మయినీ దాన్ని ఒకే గంటలో రెండు క్లాసులకు వెళ్లడానికి వాడుతుంది. చివర్లో రెండు ప్రాణాలు కాపాడటానికీ అదే సాయపడుతుంది. మరి మిగతా చావులను దానితో ఎందుకు ఆపలేదు? చదివిన ప్రతి పిల్లా అడిగే ప్రశ్న ఇది. 2003లో వచ్చిన ఐదో పుస్తకంలో ఒక పోరాటంలో ఆ పరికరాలు పగిలిపోతాయి. అదే వరసలోని చివరి పుస్తకంలో ఒక మంచి షరతు ఉంది. తిండిని శూన్యంలోంచి పుట్టించడం మాంత్రికులకు కూడా కుదరదు. అందుకే అడవుల్లో దాక్కున్న ముగ్గురు స్నేహితులకు ఆకలి వేస్తుంది, ఆకలి వల్ల తగవులు వస్తాయి. ఏం చేయలేరో చెప్పినప్పుడే కథ మనుషుల కథ అవుతుంది.

ఒక్క అసాధ్యం, మిగతాదంతా మామూలు

2012లో తెలుగు, తమిళాల్లో ఒకేసారి తీసిన ‘ఈగ’ సినిమా పిల్లలందరికీ తెలుసు. చనిపోయిన యువకుడు ఈగగా పుడతాడు. ఈగే ఎందుకు, పాత జన్మ ఎలా గుర్తొచ్చింది అని సినిమా పెద్దగా తల పట్టుకోదు. ఆ ఒక్క అసాధ్యాన్ని ఒప్పుకోమంటుంది. అక్కడినుంచి మాత్రం చాలా నిక్కచ్చిగా ఉంటుంది. ఈగ మాట్లాడలేదు. బరువు ఎత్తలేదు. తానెవరో చెప్పాలంటే రాసి చూపించాలి. పగ తీర్చుకోవాలంటే ఈగ చేయగల పనులే చేయాలి, నిద్ర చెడగొట్టాలి, దారి తప్పించాలి. మధ్యలో ఈగ ఒక్కసారి నోరు తెరిచి మాట్లాడి ఉంటే సినిమా అక్కడే కూలిపోయేది.

1897లో హెచ్.జి. వెల్స్ రాసిన ‘ఇన్విజిబుల్ మ్యాన్’ నవలలోనూ ఇదే పద్ధతి. మనిషి కనిపించకుండా పోయాడు, సరే. కానీ బట్టలు కనిపిస్తాయి కాబట్టి చలిలో బట్టల్లేకుండా తిరగాలి. తిన్న అన్నం అరిగేదాకా కడుపులో కనిపిస్తుంది. ‘కనిపించకపోతే ఎంత బాగుంటుంది!’ అనుకున్న పిల్లవాడు పది పేజీల్లో ‘అమ్మో’ అంటాడు. వెల్స్ రసాయనాల గురించి కొంత చెప్పారు గానీ మనకు గుర్తుండేది చలి, ఆకలి.

షరతులో ఉన్న తెలుగు

ఇదంతా మన బడులకు ఎందుకు? ఒక భాషా కారణం ఉంది. మాయ షరతును చెప్పాలంటే మామూలు వాక్యం చాలదు. ‘ముట్టుకుంటే బంగారం అవుతుంది’, ‘వెనక్కి తిరిగి చూడకపోతే బతుకుతాడు’, ‘తెల్లవారేలోపు రావాలి’, ‘చిలకను పట్టుకుంటే తప్ప ఫకీరు చావడు’, ‘ఎవరు అడిగినా సరే పేరు చెప్పకూడదు’. ఈ వాక్యాల్లో -తే, -కపోతే, -లోపు, తప్ప, -నా సరే, -కూడదు అన్నీ వచ్చేశాయి.

మన పిల్లల ఇంటి తెలుగు ఎక్కువగా ‘రా, తిను, పడుకో, ఎక్కడికి పోయావు’ దగ్గర తిరుగుతుంది. హోసూరులోనైనా, కోలారులోనైనా, షోలాపూర్‌లోనైనా, బరంపురంలోనైనా అనుభవమున్న ఉపాధ్యాయులకు ఇది తెలిసిందే. షరతు, మినహాయింపు, గడువు ఉన్న పొడవాటి వాక్యాల పని వచ్చేసరికి పిల్లలు బడి భాషలోకో, ఇంగ్లిషులోకో మారిపోతారు. సైన్సు పాఠానికీ, లెక్కల సమస్యకూ, రేపు కొలువులో అర్జీ రాయడానికీ కావలసిన వాక్యాలు ఇవే. వాటిని వ్యాకరణ పాఠంగా చెబితే నిద్రొస్తుంది. మాయాదర్పణం చేతికిచ్చి ‘దీనికి మూడు షరతులు పెట్టు’ అంటే పోటీలు పడి చెబుతారు.

చుట్టుపక్కల భాష కూడా ఇందులో సాయం వస్తుంది. తెలుగులో ‘వస్తే’ అన్నది కన్నడంలో ‘బందరె’, తమిళంలో ‘వందాల్’, ఒడియాలో ‘ఆసిలే’. మరాఠీలో ‘ఆలా తర్’ అని రెండు మాటలవుతుంది. పిల్లలకు రెండూ తెలుసు కాబట్టి పక్కపక్కన పెట్టి చూపిస్తే తెలుగు వాక్యం త్వరగా పట్టుబడుతుంది.

దీనికి పాత చందమామలు మంచి సామగ్రి. 1947 జూలైలో మద్రాసు నుంచి తెలుగులోనూ, ‘అంబులిమామ’ పేరుతో తమిళంలోనూ ఆ పత్రిక మొదలైంది. తర్వాతి ఏళ్లలో కన్నడంలో వచ్చింది, మరాఠీలో ‘చాందోబా’గా, ఒడియాలో ‘జహ్నమాము’గా వచ్చింది. మన పిల్లల తాతలు ఒక భాషలో, వాళ్ల పక్కింటివాళ్లు మరో భాషలో ఒకే బేతాళ కథ చదువుకున్నారు. పత్రిక ఆగిపోయినా పాత సంచికలు ఇళ్ల అటకల మీద ఉంటాయి. ఒక కథను రెండు భాషల్లో సంపాదించగలిగితే, షరతు చెప్పిన వాక్యాన్ని రెండింటిలో వెతికించండి.

తరగతిలో చేయదగ్గవి

మూడు నుంచి ఐదో తరగతి వరకు ఒక చిన్న ఆట సరిపోతుంది. ఒక మామూలు వస్తువును బల్ల మీద పెట్టండి. గొడుగో, చెంబో, చీపురో. దానికి ఒక శక్తి ఇవ్వమనండి. తర్వాత మూడు ప్రశ్నలు వేయండి. ఇది ఏం చేయలేదు? వాడినందుకు ఏం పోతుంది? ఎప్పుడు ఆగిపోతుంది? ఎలా పనిచేస్తుందని మాత్రం అడగొద్దు. జవాబులు పూర్తి వాక్యాల్లో చెప్పించండి.

ఆరు నుంచి ఎనిమిది వరకు తెలిసిన కథలో షరతును మార్చి చూడండి. కర్ణుడి ఆయుధం రెండుసార్లు పనిచేసి ఉంటే? హిరణ్యకశిపుడు ‘సంధ్యవేళ కూడా’ అని అడిగి ఉంటే? ఒక్క షరతు మారితే ఎన్ని సంఘటనలు మారాలో వాళ్లే రాస్తారు. ఇది కథారచన, తర్కం రెండూ.

పిల్లలు రాసిన కథలను దిద్దేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. ‘ఏనుగు ఎగరదు’ అని ఎర్ర సిరాతో కొట్టేయకండి. మొదటి పేజీలో ‘వర్షంలో మాత్రమే ఎగురుతుంది’ అని రాసి, మూడో పేజీలో ఎండలో ఎగరేస్తే అప్పుడు గుర్తు పెట్టండి. లోకంతో పోల్చి దిద్దితే పిల్లలు కథలు రాయడం మానేస్తారు. తన మాటతోనే పోల్చి దిద్దితే తిరగరాస్తారు.

ఇంట్లో తల్లిదండ్రులకు ఇంకా సులువు. ‘ఎందుకలా?’ అని పిల్ల అడిగినప్పుడు కథలో జవాబుంటే చెప్పండి. లేకపోతే ‘కథలో చెప్పలేదు, నువ్వేమనుకుంటున్నావు?’ అనండి. అది ఓటమి కాదు. పిల్ల చెప్పిన కారణం కథకు నప్పుతుందో లేదో ఇద్దరూ కలిసి చూడండి. ప్రతి కథకూ చివర్లో నీతి అతికించడం కూడా అవసరం లేదు. పిల్లకు కథ అందిందో లేదో ఆమె వేసే తర్వాతి ప్రశ్నను బట్టి తెలుస్తుంది.

మూఢనమ్మకాలు పెరగవా?

కొందరు తల్లిదండ్రులు మంత్రాలు, వరాలు, బేతాళుల కథలంటే జంకుతారు. పిల్లలు నిజమని నమ్మి భయపడతారేమో, రేపు ఏ తాయెత్తులవాడి మాటకో పడిపోతారేమో అన్నది వాళ్ల బెంగ. కొట్టిపారేయాల్సిన బెంగ కాదు. భయపడే పసిపిల్లలకు ఆ కథలు కొన్నాళ్లు వాయిదా వేయడంలో తప్పు లేదు.

అయితే షరతులు అడగడం నేర్చిన పిల్లలకు ఒక రక్షణ ఉంది. కథలోని మాయ ఏం చేయలేదో ముందే ఒప్పుకుంటుంది. దాని షరతును మనం పరీక్షించవచ్చు, కథ చివర్లో లెక్క తేలుతుంది. నిజజీవితంలో మహిమలు అమ్ముకునేవాడు షరతును ముందు చెప్పడు. పని జరిగితే తన గొప్ప, జరగకపోతే మన భక్తి చాలలేదంటాడు. షరతును ప్రతిసారీ వెనకనుంచి మారుస్తాడు. కథలో అలాంటి మార్పును పట్టుకుని ‘ఇందాక అలా చెప్పలేదుగా!’ అని లేచిన పిల్ల, పెద్దయ్యాక ఆ మాట బయట కూడా అనగలదు.

ఆ మాటను తెలుగులో అనగలగాలన్నదే మన బడుల కోరిక. ఈ వారం కథ చెప్పేముందు అందులోని షరతును ఒక్క వాక్యంలో కాగితం మీద రాసుకోండి. ఆ వాక్యాన్ని కథ మొదట్లోనే స్పష్టంగా చెప్పండి. ఆ తర్వాత పిల్లలు అడిగే ప్రశ్నలకు కొంచెం సమయం మిగిల్చండి.